కదలదని రాసిచ్చిన బండి

ఏటా నవంబరులో ట్రెజరీకి పోయి, నేను బతికే ఉన్నానని ఒక కాగితం మీద సంతకం చేసి వస్తాను. కౌంటరులో కూర్చున్న వాళ్ళు తల ఎత్తి నా మొహం చూడరు. చూడాల్సిన అవసరమూ లేదు, కాగితం ఉంది కదా. అదే ఆ కాగితం మరచిపోయి పోతే, ఎదురుగా నిలబడి దగ్గినా తుమ్మినా నేను చచ్చినట్టే లెక్క. వరసలో నాతోబాటు నిలబడే ముసలివాళ్ళంతా ఈ పద్ధతిని తిట్టిపోస్తారు. నేను మాత్రం నోరెత్తను. నిక్షేపంగా తిరుగుతున్న దాన్ని ఒకదాన్ని నేనూ ఇట్లాగే కాగితం మీద చంపి వచ్చినవాణ్ణి. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, సంతకమంటే పేరు రాయడమే కదా అనుకునే పిల్లలకు ఆ సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో నీళ్ళ శాఖలో పనిచేసేవాణ్ణి. పల్లెల్లో చేతిబోరింగులు చెడిపోతే పోయి బాగుచేసి రావడం మా పని. డ్రైవరూ నేనే, మెకానిక్కూ నేనే. పేరుకు రెండు ఉద్యోగాలే గానీ నిజానికి ఒక్కటీ లేదు. ఏడేళ్ళుగా మస్టరు రోల్లో దినకూలీని. నన్ను పర్మనెంటు చేసే ఫైలు మా డిప్యూటీ ఇంజనీరు గారి బల్ల మీద భద్రంగా ఉండేది. ఆయన టీ గ్లాసు దాని మీదే పెట్టేవారు. అట్ట మీద మరకలు చూస్తే ఎన్నేళ్ళుగా అక్కడుందో తెలిసిపోయేది.

మాకిచ్చిన బండి ఒక పాత పికప్పు. యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం తెచ్చి, పోతూ పోతూ వదిలేసి పోయిన రకం. ముందు ముగ్గురు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో పైపులు, రాడ్లు, పైపులు పైకి లాగే ముక్కాలి స్టాండు వేసుకోవచ్చు. స్టీరింగు మన బండ్లకుమల్లే కుడిపక్క కాదు, ఎడమపక్క. మా పెద్ద ఖలాసీ దానికి దొరసాని అని పేరు పెట్టాడు. ఆయన నగరి మనిషి. నేసేవాళ్ళింట్లో పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చోలేక పైపులు లాగే పనికి వచ్చినవాడు.

ఎడమపక్క కూర్చుని నడిపేవాడికి ముందు పోయే బస్సు తప్ప ఇంకేమీ కనపడదు. దాన్ని దాటాలంటే కుడి కిటికీ దగ్గర కూర్చున్నవాడు తల బయటపెట్టి చూడాలి. ఖలాసీ "పో సామీ" అంటే పోయేవాణ్ణి, "ఉండు సామీ" అంటే ఉండేవాణ్ణి. కుడివైపు తిరగాలంటే చెయ్యి చాచి చూపించేదీ ఆయనే. ఏడేళ్ళు నా ప్రాణం ఆయన నోట్లో ఉండింది, ఆయన నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉండేది.

దొరసానికి ఉన్నది ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. చూడ్డానికి ముసలిదే గానీ తాగుడులో పడుచు. శాఖ నెలకిచ్చే పెట్రోలు పది రోజుల్లో తాగేసేది. మిగతా ఇరవై రోజులు బండి షెడ్డులో, మేము బండి నీడలో. పల్లెల నుంచి వచ్చే అర్జీలు మాత్రం ఆగేవి కావు.

ఇట్లా ఉండగా మా శాఖదే ఒక డీజిలు వ్యాను పీలేరు రోడ్డులో చింతచెట్టును గుద్దుకుంది. చింతచెట్టే అడ్డమొచ్చిందని ఆ డ్రైవరు రిపోర్టు రాసిస్తే దాన్నీ నమ్మారు. వ్యానంతా నుజ్జయిపోయి ఇంజను ఒక్కటే బతికింది. దాన్ని తెచ్చి మా షెడ్డులో టార్పాలిను కప్పి పెట్టారు. రోజూ దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి, నాకు ఆశ పుట్టకుండా ఎట్లా ఉంటుంది? దాన్ని ఎత్తి దొరసానిలో పెడతానని మా హెడ్ గుమాస్తాను అడిగాను.

"ఇంజను మారస్తానంటే పర్మిషను హైదరాబాదు నుంచి రావల్ల. నువ్వు సచ్చేలోగా రాదు," అన్నాడాయన. "రిపేరు అని రాయప్పా. రిపేరుకు ఎవురి పర్మిషనూ అక్కర్లా."

"మరి ఇంజను నెంబరో?"

"పాతదే ఉండనీ. బండి నెంబరు సూసుకోని నడస్తాదా?"

ఇంత తెలివైన మాట నా జన్మలో విననట్టు తల ఊపి వచ్చాను. ఈ కథలో నేను చేసిన మొదటి తప్పు అది. అప్పుడది నాకు తెలివిగానే కనపడింది.

కొత్త ఇంజనుకూ పాత గేరుబాక్సుకూ మధ్య ఒక ఇనుప పలక కావాలి, రెంటి బోల్టు రంధ్రాలూ అందులో కలవాలి. చిత్తూరులో ఒక లేతు మిషను ఆయన దాన్ని మూడుసార్లు చేశాడు. మొదటిసారి నేనిచ్చిన కొలత తప్పు, రెండోసారి ఆయన తీసుకున్న కొలత తప్పు, మూడోసారి ఇద్దరం తిట్టుకుంటూ దగ్గరుండి చేస్తే సరిపోయింది. డీజిలు ఇంజను ఎత్తుగా ఉండి బానెట్టు మూతపడలేదు. మధ్యలో రేకు కోసి ఒక గూని పెట్టాం. బ్రేకులకు కొత్త మాస్టరు సిలిండరు వేశాను. దీపాలు మిణుగురుల్లా ఉండేవి, వైరింగు తీసేసి పెద్ద బ్యాటరీకి మార్చాను. తుక్కుకు పోయిన బస్సు సీటొకటి తెచ్చి, కొబ్బరిపీచు కూరి, ఎర్ర రెగ్జిను కుట్టించాను. ప్రతి ఒక్కటీ రిజిస్టరులో రిపేరే. తీసేసిన పెట్రోలు ఇంజను షెడ్డు మూలన నేలమీద పడుంది, దాని సందులో వాచ్‌మన్ కోడి గుడ్లు పెట్టుకునేది.

"ముసిలిదానికి పెండ్లి జేసినావు సామీ," అన్నాడు ఖలాసీ, మొదటిరోజు బండెక్కి సీటు మీద రెండుసార్లు ఎగిరి కూర్చుని.

ఆ రెండేళ్ళు నేను బండి నడపలేదు, ఊరేగాను. డీజిలు ఇంజనుకు పరుగు తక్కువ, లాగుడు ఎక్కువ. నిండా పైపులేసుకుని ఎంత ఎత్తు ఎక్కినా గొంతు మారేది కాదు. పుత్తూరు దాటి నగరి వైపు పోతుంటే ఇటు కొండలు, అటు మామిడితోటలు, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని నేను. అడక్కుండానే పక్క తాలూకా పనులు కూడా చేసిపెట్టేవాణ్ణి, బండి నడపొచ్చుననే ఆశతో. నాకు పల్లెల మీద ప్రేమ అనుకున్నారు జనం. కాదని నేనూ చెప్పలేదు.

ఆ దారిలో కొండకింద ఒక చిన్న పల్లె. యాభై ఇళ్ళు, ఒకటే బోరింగు. అది ఆగితే ఆడవాళ్ళు మైలుదూరం పోయి ఒక మోటబావిలో దిగి తెచ్చుకోవాలి. రిపేరైనాక మొదట తుప్పునీళ్ళు పారబోసి, తేటనీళ్ళు వచ్చాక తొలిచెంబు మెకానిక్కు చేతిలో పోయడం ఆ పల్లెలో ఆనవాయితీ. పోసేది ఎప్పుడూ ఒకే పెద్దామె, బోరింగు ఎదురింటి ఆమె. "తాగు నాయనా, సల్లంగుండు" అనేది. కలెక్టరుకు కూడా అంత మర్యాద దక్కదని నేను మీసం తిప్పుకునేవాణ్ణి.

ఇక లాగ్ బుక్కు సంగతి. కాగితం మీద దొరసాని ఇంకా పెట్రోలు తాగుతూనే ఉంది. నెలనెలా పెట్రోలు కూపన్లు వచ్చేవి. మేము నడిచేది బోర్లలో పూడిక ఊదే కంప్రెసరు కోసమని వచ్చే డీజిలు డ్రమ్ములతో. మరి ఆ పెట్రోలు ఎవరు తాగేవారంటే, మా డిప్యూటీ ఇంజనీరు గారి జీపు తాగేది. వారి అత్తగారు తాగించేది అనడం ఇంకా సబబు, ఆమెకు చుట్టుపక్కల చూడని గుడి ఉండకూడదని మొక్కు. దొరసాని తాగినట్టు లాగ్ బుక్కులో రాసి సంతకం పెట్టేవాణ్ణి నేను. అబద్ధం మీద సంతకం చేయడానికి చెయ్యి అలవాటు పడింది అక్కడే.

కొన్నాళ్ళకు ఆ డిప్యూటీ ఇంజనీరు దొరగారి జీపు మూలగసాగింది. కొత్త జీపు కావాలని పైకి రాస్తే, మీ లెక్కలో ఇప్పటికే రెండు బండ్లు ఉన్నాయి, ఒకటి పోతేగాని ఇంకొకటి రాదు అని జవాబొచ్చింది. దొరగారు రెండు బండ్లనూ చూశారు. ఒకటి తాను ఎక్కేది, ఇంకొకటి పైపులు ఎక్కేది. ఏది పోవాలో తేలడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. దొరసానికి ఆ పేరు పెట్టడానికి కండెమ్నేషన్ కమిటీని పిలిపించారు, అంటే బండి పనికిరాదని తేల్చి వేలానికి పంపే పెద్దలు. నన్ను పిలిచి, "నీ ఫైలు కూడా ఈ వారంలోనే కదిలిద్దామయ్యా," అన్నారు. ఆరోజు గ్లాసు ఫైలు మీద కాక బల్ల మీద పెట్టారు. నేనది గమనించాలనే పెట్టారు.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు ఉన్నచోటి నుంచే సంతకాలు చేసి పంపారు. మూడో ఆయన మాత్రం నిజాయితీపరుడు, స్వయంగా చూడాలన్నాడు. పనిలోపనిగా కొండకు మొక్కు కూడా ఉందన్నాడు, భార్యతో కలిసి వచ్చాడు. పొద్దున్నే షెడ్డుకు తీసుకొచ్చి, మిగతా బండి విప్పి వేరేచోట వేశామని చెప్పి, మూలనున్న పెట్రోలు ఇంజను ఒక్కటే చూపించారు. కోడిని అంతకుముందే తోలేశారు. ఆయన వంగి నెంబరు చూసి కాగితంతో సరిపోల్చుకున్నాడు. సరిపోయింది. ఎందుకు సరిపోదు, నా తెలివే కదా అది.

తర్వాత కొండకు ప్రయాణం. పెద్దలంతా జీపులో, సామాను వెనక పికప్పులో. ఘాటు రోడ్డు నాలుగు మలుపులు ఎక్కేసరికి జీపు ముక్కులోంచి ఆవిరి కొట్టి ఆగిపోయింది. ఎండలో గోడవార నిలబడిన పెద్దల పక్కకు పోయి దొరసానిని ఆపాను. కమిటీ పెద్దాయన, ఆయన భార్య ముందు ఎక్కారు. మా డిప్యూటీ ఇంజనీరు గారు వెనక తొట్టిలో ముక్కాలి మీద కూర్చున్నారు, ఖలాసీ పక్కన. ఆ దృశ్యం అద్దంలో చూసుకుంటూ నడపడం నాకు స్వామి ఆ రోజు ముందుగానే ఇచ్చిన దర్శనం.

ఒక చిక్కు వచ్చింది. కుడి కిటికీ దగ్గర ఉన్నది ఇప్పుడు కమిటీ పెద్దాయన. ముందు ఒక బస్సు పొగ వదులుతూ పాకుతోంది. "సార్, కొంచెం తల బయటపెట్టి దారి ఉందేమో చూసి చెప్పల్ల, నాకు అగపడదు," అన్నాను. ఆయన మొదట బిగుసుకున్నాడు. రెండో బస్సుకు "పో" అన్నాడు. నాలుగో బస్సుకు అడక్కుండానే తల బయటపెట్టి, చెయ్యి ఊపుతూ, "పోనీ, పోనీ, ఖాళీగా ఉంది," అని పిల్లవాడిలా సంబరపడ్డాడు. భార్య ఆయన చొక్కా పట్టుకుని కూర్చుంది. బండి పనికిరాదని రాయడానికి వచ్చినాయన కొండ పైదాకా దానికి సిగ్నలు దీపంగా పనిచేశాడు.

మధ్యాహ్నం దాటాక గుండు, గుండుకు గంధం, ఒళ్ళో లడ్లతో కమిటీ పెద్దాయన మళ్ళీ ఎక్కాడు. దొరగారు మళ్ళీ వెనకే. సాయంత్రం రైలు ఉందని దిగేటప్పుడే ఫైలు తెరిచి తొడమీద పెట్టుకుని రాయసాగాడు. "కొంచెం మెల్లగా పోనీవయ్యా, అక్షరాలు వంకర పోతున్నాయి," అన్నాడు. మెల్లగా పోనిచ్చాను. ఓరకంట చూస్తే, 'ఈ వాహనము స్వయముగా కదలలేని స్థితిలో ఉన్నది' అని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. మలుపులో బ్రేకు వేస్తే, "బ్రేకులు బాగా పడుతున్నాయే," అని మెచ్చుకున్నాడు.

"ఈ బండి నెంబరేమిటి? ఇది కూడా మీ శాఖదేనా?" అని అడిగాడు తర్వాత, ఊరికే.

నెంబరు చెప్పాను. ఆయన కలం ఆగింది. కాగితం చూశాడు, బానెట్టు మీది గూని చూశాడు, నన్ను చూశాడు.

"బండి ఇంత బాగుంటే కండెమ్ చేయమంటారేం?" అన్నాడు.

నేను గేరు తగ్గించి మలుపు తిప్పాను.

"కింద మెకానిక్కు సంతకం గడి ఒకటుంది. అది నువ్వే కదా. బండి బాగుంది, ఇంజను మార్చాము అని అక్కడ ఒక్క ముక్క రాయి. ఇది చించేసి పోతాను. వాళ్ళ పద్ధతులేమిటో నాకు తెలియకపోలేదు."

అలిపిరి దగ్గర బండి ఆపి దిగాం. దొరగారు వెనకనుంచి దుమ్ము దులుపుకుంటూ దిగి, మా మాటలు వినకపోయినా నా మొహం చూసి సంగతి గ్రహించారు. "ఫైలు సోమవారం పంపిస్తున్నానయ్యా," అన్నారు, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా. ఖలాసీ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "సామీ, ఆ కొండకింద పల్లె బోరింగులో రాడ్డు తెగి పడిండాది. సోమారం వస్తామని జెప్పినాం," అన్నాడు.

ఇద్దరిదీ సోమవారమే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఏడేళ్ళ దినకూలీ. ఇంజను మార్చామని రాస్తే రెండేళ్ళ లాగ్ బుక్కులు కూడా తెరుస్తారు, వాటినిండా ఉన్నది నా సంతకం, దొరగారిది కాదు. ఇవన్నీ నిజమే. ఇప్పటికీ నిజమే. కానీ ఒకటి ఒప్పుకుంటాను. అంత ఆలోచన నేను తర్వాత చేశాను. అప్పుడు నాకు కనపడింది మరకలున్న ఆ ఫైలు ఒక్కటే. కాగితాన్ని దొరసాని బానెట్టు మీదే పెట్టి, 'ఇంజను పూర్తిగా అరిగిపోయినది, బాగుచేయుటకు వీలులేదు' అని రాసి సంతకం పెట్టాను. బానెట్టు ఇంకా వేడిగా ఉంది, అరచెయ్యి చురుక్కుమంది. కమిటీ పెద్దాయన కాగితం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. లడ్డు పెట్టబోయి ఎందుకో మానుకున్నాడు.

"నెంబరు ప్రకారం రాసింది నిజమే గదప్పా," అన్నాడు మరునాడు హెడ్ గుమాస్తా. ఆయన మాటలు ఎప్పుడూ నిజమే.

సోమవారం ఫైలు కదిలింది, కండెమైన బండిని కదిలించకూడదు కాబట్టి మేము కదల్లేదు. దొరగారు మాట తప్పే మనిషి కాదు. నెలలోపల ఆర్డరు వచ్చింది, ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాను. ఖలాసీ తన ముక్క ఆకులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, తింటుంటే నేను చూడలేదు. దొరసానిని వేలం వేస్తే చిత్తూరు పక్క ఒక మామిడికాయల మండీ ఆయన తుక్కు ధరకు పాడుకున్నాడు. తోలుకుపోవడానికి లారీ తెస్తానన్న మనిషి, తాళం తిప్పి చూసి, నన్నొక వింత చూపు చూసి, నడుపుకుంటూ పోయాడు. కొత్త జీపు వచ్చింది, కిటికీలకు తెరలతో సహా. పది అడుగుల పైపు అందులో పట్టదు. పట్టినా గీతలు పడతాయని దొరగారు పట్టనివ్వరు. మంచి ఎండాకాలం. రెండు నెలలు మేము షెడ్డులో కూర్చుని అర్జీలకు 'వాహనము లేదు' అని జవాబులు రాశాం.

చివరికి ఎమ్మెల్యేదాకా గోల పోయింది. బాడుగ బండి పెట్టుకోమని పైనుంచి అనుమతి వచ్చింది. పైపులు పట్టే బండి చుట్టుపక్కల ఎవరి దగ్గర ఉందో చెప్పాలా? మండీ ఆయన దొరసానికి ముందర నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు, ఇంకేమీ మార్చలేదు. మార్చాల్సింది లేదు. బాడుగకు పెట్టుకోవాలంటే బండి కండిషను గురించి పర్మనెంటు మెకానిక్కు సర్టిఫికెట్టు ఇవ్వాలి. 'ఇంజను మంచి స్థితిలో ఉన్నది, దూరప్రయాణమునకు తగినది' అని రాసి సంతకం పెట్టాను. అదే బండి, అదే చెయ్యి, ఇప్పుడు పక్కన రబ్బరు స్టాంపు కూడా. ఎవరూ ఏమీ అడగలేదు. రెండు కాగితాలూ ఒకే బీరువాలో ఉన్నాయి.

మొదట కొండకింద పల్లెకు పోయాం. ఖలాసీ దారంతా "పో సామీ", "ఉండు సామీ" తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. పైపులు లాగి, తెగిన రాడ్డు మార్చి, మధ్యాహ్నానికి బోరింగు నిలబెట్టాం. ఎదురింటి పెద్దామె వచ్చి, బోరింగును కాదు, బండిని చూస్తూ నిలబడింది. రెండు నెలలు మోటబావి మెట్లు దిగి ఎక్కి ఆమె మోకాళ్ళకు గుడ్డలు కట్టుకుని ఉంది.

"బండి సెడిపోయిందనిరే. ఇది ఆ బండే గదా?"

"ఆ బండేమ్మా."

"ఎవురు బాగుజేసినారు?"

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. కానీ ఖలాసీ పక్కనే ఉన్నాడు. "అది సెడిపోలా. సెడిపోయిందని నేనే రాసిచ్చినా. నాకు పర్మనెంటు అయ్యేది ఉణ్ణింది," అన్నాను.

ఆమె బోరింగు దగ్గరకు పోయింది. తుప్పునీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చాక తొలిచెంబు పట్టింది. అలవాటు కొద్దీ దోసిలి పట్టాను. ఆమె నన్ను దాటుకుని పోయి, "దీని మూత తియ్యప్పా," అని ఖలాసీతో అని, ఆ చెంబెడు నీళ్ళూ దొరసాని రేడియేటరులో పోసింది.

తర్వాత నావైపు తిరిగి, "నీకు జీతమొస్తాది లే," అని ఇంట్లోకి పోయింది.

ఆమె చెప్పినట్టే వచ్చింది. రిటైరయ్యేదాకా నెలనెలా ఒక్కరోజు ఆలస్యం కాకుండా వచ్చింది. ఇప్పుడు పెన్షను వస్తోంది. నవంబరు దగ్గర పడింది, పోయి సంతకం పెట్టి రావాలి.